పరీక్ష దేనిని కొలుస్తున్నది?

మొలక పరీక్ష రైతులకు, విత్తన డీలర్లకు కొత్త కాదు. ధ్రువీకృత వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలన్నది నియమం. ఒక సంచిలోని విత్తనం 90 శాతం మొలిచినంత మాత్రాన అది మీరు కోరిన రకమేనని చెప్పగలమా? చెప్పలేము. రకం స్వచ్ఛతను తేల్చడానికి విత్తనాన్ని మడిలో పెంచి చూసే పరీక్ష వేరుగా ఉన్నది. ఏ పరీక్షనైనా అది కొలిచే విషయానికే ప్రమాణంగా తీసుకోవాలి.

మనిషి స్వభావాన్ని, సామర్థ్యాన్ని అంచనా వేసే పరీక్షలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పరీక్ష తాను కొలవదలచిన దానినే కొలవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో 'సప్రమాణత' అంటారు. 'విశ్వసనీయత' వేరు. క్వింటాలుకు రెండు కిలోలు తక్కువ చూపే కాటా ఎన్నిసార్లు తూచినా అంతే చూపుతుంది. అందులో నిలకడ ఉన్నది, నిజం లేదు.

ఇది మీకు సంబంధించిన విషయమే. రుణ చరిత్ర లేని చిన్న వ్యాపారులను ప్రశ్నావళి ద్వారా అంచనా వేసే పద్ధతిపై 2006లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన ఆరంభమైంది. ఆ తరువాత ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలలోని కొన్ని రుణసంస్థలు ఆ పద్ధతిని ఉపయోగించాయి. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేనివారికి ఇది రుణమార్గం కావచ్చు. పరీక్షకు సప్రమాణత లోపిస్తే మాత్రం అర్హునికే అప్పు అందకుండా పోతుంది.

ఇటువంటి పరీక్షను మూడు విధాలుగా పరిశీలించాలి.

1. విషయ సప్రమాణత: అప్పు తీర్చడానికి అవసరమైన లక్షణాలన్నిటినీ ప్రశ్నలు స్పృశిస్తున్నాయా?

2. నిర్మాణ సప్రమాణత: పరీక్ష నిజాయితీని కొలుస్తున్నదా, చదువును కొలుస్తున్నదా? ప్రశ్న అర్థంకాక తప్పు గుర్తు పెట్టిన రైతును బాధ్యత లేనివాడని లెక్కించడం అన్యాయం.

3. ప్రాగుక్తి సప్రమాణత: ఎక్కువ మార్కులు పొందినవారు వాస్తవంగా వాయిదాలు సకాలంలో చెల్లించారా? దీనిని రుణం ఇచ్చిన తరువాత చెల్లింపుల లెక్క చూసి మాత్రమే తేల్చగలం.

ఒకచోట రుజువైన సప్రమాణత మరొకచోటికి దానంతటదే రాదు. ప్రతినెలా రాబడి ఉన్న పట్టణ వ్యాపారికి సరిపోయిన పరీక్ష, పంట అమ్మిన తరువాతనే డబ్బు చూసే రైతుకు సరిపోతుందని తలచరాదు. భాష మారినప్పుడు కూడా పరీక్షను తిరిగి సరిచూడాలి.

మీకెప్పుడైనా అటువంటి ప్రశ్నావళి ఇచ్చినట్లయితే దానిని మీ భాషలో కోరండి. అర్థంకాని ప్రశ్నకు ఊహించి జవాబు వ్రాయకండి, అడిగి తెలుసుకోండి. ఆ పరీక్షను ఎటువంటివారిపై, ఏ లెక్కలతో సరిచూశారో విచారించండి. విత్తన సంచిపై లేబులు చదివేటప్పుడు చూపే జాగ్రత్త ఇక్కడ కూడా అవసరం.