గోల్‌కీపర్‌ని ఎంచుకోవడం, పెంచుకోవడం ఎలా?

2024 అక్టోబరు నాటి హాకీ ఇండియా లీగ్ వేలంలో కోల్‌కతా జట్టు శ్రాచీ రాఢ్ బెంగాల్ టైగర్స్ ఫార్వర్డ్ అభిషేక్‌ కోసం 72 లక్షలు పెట్టింది. నెదర్లాండ్స్ గోల్‌కీపర్ పిర్మిన్ బ్లాక్‌ 25 లక్షలకే వచ్చాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఆ జట్టే మన హైదరాబాద్ తూఫాన్స్‌ని 4-3తో ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది. డబ్బున్నవాళ్లకు తయారైన కీపర్ దొరుకుతాడు. కోల్‌కతా మైదాన్‌లో లీగ్ ఆడే చిన్న క్లబ్బుకు ఆ దారి లేదు, కుర్రాణ్ణి వెతికి పెంచుకోవాల్సిందే. మొదటిసారి ఆ బాధ్యత నెత్తిన పడినవాళ్ల కోసం ఇది.

1. పరుగెత్తలేనివాణ్ణి గోల్లో నిలబెట్టకండి

మన దగ్గర ఎక్కువగా అలాంటివాణ్ణే గోల్లో పెడతారు. అలా కాకుండా వెతికి ఎంచుకోండి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని పిలిచి, నాలుగైదు అడుగుల దూరం నుంచి టెన్నిస్ బంతిని వాళ్ల పాదాలకు అటూ ఇటూ విసరండి. ముందు కాలు కదిలిందా, చెయ్యి కదిలిందా? బంతి మీదికొస్తే మొహం తిప్పేసుకుంటున్నాడా? గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లే. అందుకే పొడుగు కంటే పక్కకి జరిగే వేగం ముఖ్యం. ఒక బంతి వదిలేశాక తర్వాతి బంతికి ఎలా నిలబడ్డాడో కూడా చూడండి. నన్నడిగితే సగం మార్కులు దానికే.

మొదటి నుంచీ హాకీయే ఆడి ఉండాలనేం లేదు. భారత గోల్‌కీపర్ శ్రీజేష్ తిరువనంతపురం జి.వి.రాజా స్పోర్ట్స్ స్కూల్లో అథ్లెటిక్స్, వాలీబాల్ చేస్తుంటే కోచ్ తెచ్చి గోల్లో పెట్టారు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యాలు గెలిచింది అతనే.

2. ఇద్దర్ని తీసుకోండి

ఇద్దరి మధ్య మూడు, నాలుగేళ్ల తేడా ఉంటే మంచిది. రెండోవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి మర్చిపోతే ఏడాదిలో మానేస్తాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఇతిమరపు రజని భారత మహిళల జట్టులో ఏళ్ల తరబడి మొదటి కీపర్ సవిత వెనకే ఉండిపోయింది. అయినా సాధన వదల్లేదు. 2024 జనవరిలో హాకీ5స్ ప్రపంచ కప్‌లో కెప్టెన్‌గా జట్టుకు రజతం తెచ్చింది. అందరికీ అంత ఓపిక ఉండదు. చిన్న టోర్నీలు రెండోవాడికే ఇవ్వండి.

3. కిట్ క్లబ్బే కొనాలి

కొడుకు కిట్ కోసం శ్రీజేష్ తండ్రి ఆవును అమ్ముకున్నారు. ఆ పని ఏ తండ్రి చేతా చేయించకండి. కోల్‌కతా చెమటకి ప్యాడ్లు, కిక్కర్లు రెండ్రోజుల్లోనే కంపు కొడతాయి. ఎండలో పడేస్తే ఫోమ్ పాడవుతుంది. నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టాలి. కొన్నప్పుడే కుర్రాడి సైజుకి తీసుకోండి, ‘పెరుగుతాడులే’ అని పెద్దది కొంటే కాలు ఆడదు.

4. ముందు పాదాలు, తర్వాతే డైవ్

మొదటి రెండు, మూడు నెలలు గట్టి షాట్లు వద్దు. ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా గోలు ముందు విల్లులా సున్నంతో గీత గీయండి. బంతి ఎటు వెళ్తే కీపర్ ఆ గీత మీద అటు చిన్న చిన్న అడుగులతో జరగాలి, కాళ్లు దాటించి నడవకూడదు. మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద, తల ముందుకు. ఆపిన బంతి ఎదురుగా పడితే రెండో షాట్ తప్పదు. అందుకే పాదం లోపలి వైపుతో పక్కకే తన్నాలి.

మైదాన్ గడ్డి మీద బంతి ఎగిరెగిరి వస్తుంది, రెండు కాళ్లూ దాని వెనకే ఉండాలి. టర్ఫ్ మీద నేలని రాసుకుంటూ దూసుకొస్తుంది. వారానికోసారైనా సాల్ట్ లేక్ సాయ్ కేంద్రంలోనో, హౌరా డుముర్‌జలాలోనో టర్ఫ్ సమయం అడిగి సంపాదించండి. గడ్డి మీదే పెరిగినవాడు టర్ఫ్ మీద మొదటి పెనాల్టీ కార్నర్‌కే తడబడతాడు.

పెనాల్టీ కార్నర్‌లో గోలు దగ్గర కీపర్‌తో కలిపి ఐదుగురే. బంతికి ఎదురు పరుగెత్తేవాడు ఏ వైపు మూస్తాడో, కీపర్ ఏ వైపు చూసుకుంటాడో ముందే మాట్లాడుకోవాలి. డ్రాగ్ ఫ్లిక్ ఎటొస్తుందో తేలకముందే కీపర్ నేలమీద వాలిపోకూడదు. షూటౌట్‌లోనూ అంతే. దాడి చేసేవాడికి ఉన్నది 8 సెకన్లు. ఎంతసేపు నిలబడితే అంత మేలు.

5. ఓడే జట్టుకి అరువివ్వండి

ఇది చాలామందికి నచ్చదు. బెంగాల్‌కి ఆడిన భారత కీపర్ రిచర్డ్ అలెన్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఒక్క గోలూ ఇవ్వలేదు. 1932లో భారత్ 24-1తో అమెరికాని ఓడించినప్పుడు ఆ ఒక్క గోలూ పడే వేళకి ఆయన ఆటోగ్రాఫులు ఇస్తున్నాడని కథ. నిజమెంతో గానీ, గెలిచే జట్టు కీపర్‌కి పని తక్కువన్నది మాత్రం నిజం. నేర్చుకునే కుర్రాడికి అది చేటు. ఒక సీజన్ అడుగున ఉన్న క్లబ్బుకి పంపండి. మ్యాచ్ మ్యాచ్‌కీ మీద పడే షాట్లే పాఠం.

అక్కడ పడ్డ ప్రతి గోలూ నోటుపుస్తకంలో రాయించండి: ఏ వైపు నుంచి, ఎత్తులోనా నేలమీదా, మొదటి షాటా రెండోదా. తప్పెవరిదో రాయనక్కర్లేదు. సీజన్ అయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని వచ్చే ఏటి సాధన రాసుకోండి.