పెంపుడు జంతువునకు రాచపుండు వచ్చినపుడు పశువైద్యుని అడుగవలసిన ప్రశ్నలు

రాచపుండు, అనగా క్యాన్సరు, మనుష్యులకు మాత్రమే కలుగు వ్యాధి కాదు. కుక్కలకును, పిల్లులకును, ఎద్దులకును ఇది వచ్చును. దేహమునందలి కణములు అదుపు తప్పి పెరుగుటయే ఈ వ్యాధి. దీని పేరు వినగానే పెద్దలు దిగులుపడుదురు, పిల్లలు ఏడ్చెదరు, వైద్యుడు చెప్పిన మాటలలో సగము చెవికెక్కవు. కావున ప్రశ్నలను ముందుగా కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. మూగజీవి తనకై తాను అడుగలేదు. దాని పక్షమున అడుగవలసినవారము మనమే. ఆడకుక్క పాలగ్రంథులలో గడ్డ లేచినదనుకొని ఈ ప్రశ్నలను విచారింతము.

1. ఇది రాచపుండేనా? ప్రతి గడ్డయు రాచపుండు కాదు. ఆడకుక్కల పాలగ్రంథులలో లేచు గడ్డలలో దాదాపు సగము అపాయము లేనివి. చేతితో తాకి నిశ్చయించుట చాలదు. సూదితో కొన్ని కణములనో, కోసి తీసిన ముక్కనో సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను.

2. ఎంతవరకు వ్యాపించినది? ఈ వ్యాధి సమీపమునందలి లింఫు గ్రంథులకును, ఊపిరితిత్తులకును ప్రాకును. కావున కోతకు ముందే రొమ్మునకు ఎక్సురే తీయవలెనా యని అడుగుడు. ఊపిరితిత్తులకు అప్పటికే ప్రాకియున్నచో గడ్డను కోసినంతమాత్రమున వ్యాధి కుదురదు.

3. ఈ చికిత్స యుద్దేశమేమి? వ్యాధిని కుదుర్చుటకా, కొంతకాలము నిలుపుటకా, బాధ తగ్గించుటకా? ఈ మూడును వేరు వేరు. లింఫు గ్రంథుల రాచపుండునకు వాడు మందులలో విన్‌క్రిస్టిను ఒకటి. అది మన పెరళ్లలో పూయు బిళ్ళగన్నేరు నుండి లభించినది. ఇట్టి మందులను జంతువులకు సాధారణముగా మనుష్యులకన్న మృదువైన మోతాదులలో ఇత్తురు. ఉన్నన్నాళ్లు సుఖముగా నుండుటయే అచ్చట ముఖ్యము. మందిచ్చిన పిమ్మట దాని మలమూత్రములను ఎన్ని దినములు చేతితొడుగులతో ఎత్తవలెనో అడిగి తెలిసికొనుడు. ఆ పని పిల్లలకు ఒప్పగింపరాదు. వ్యాధి మాత్రము కుక్కనుండి మనకు అంటదు.

4. వ్యయమెంత? ఇది అడుగుటకు సిగ్గుపడరాదు. "అయ్యా, మా శక్తి ఇంత, ఇందులో దీనికి మేలైనదేది?" యని యడుగుడు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములందు పశువైద్య కళాశాలలు కలవు. అచ్చటికి తీసికొనిపోవుట ఉపయోగమా యనియు విచారింపుడు.

5. నొప్పిని ఎట్లు గుర్తింపవలెను? జంతువులు నొప్పిని దాచుకొనును. తిండి మానుట, మూల చేరుట, ఊరక వగర్చుట, ఒకే చోట నాకుకొనుట దాని గుర్తులు కావచ్చును. మన యింటిలోని మాత్రలు ఇయ్యరాదు. పారాసిటమాలు పిల్లి ప్రాణమునే తీయగలదు. ఐబుప్రోఫెను కుక్క కడుపును, మూత్రపిండములను చెరుచును.

6. ఎప్పుడు చాలించవలెను? ఆలిస్ విల్లలోబోస్ అను అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానమును ప్రకటించెను. నొప్పి లేకుండుట, తిండి, నీరు, శుభ్రత, ఉల్లాసము, నడక, చెడు దినములకన్న మంచి దినములు ఎక్కువగుట అను ఏడింటికిని పదేసి మార్కులు. మొత్తము 35కు మించినయెడల జీవితము సహింపదగినట్లుగా నున్నదని భావము. ఈ పట్టికను పిల్లలే దినదినము వ్రాయవచ్చును. మార్కులు తగ్గుచు వచ్చినపుడు, మత్తుమందుతో నొప్పి లేక ప్రాణము విడుచునట్లు చేయుటను గూర్చి వైద్యునితో మాటాడవలెను. ఆ మాట తొందరలో గాక ముందుగనే అడిగియుంచుట మంచిది.

తలిదండ్రులకు ఒక్క విన్నపము: కుక్క చనిపోయినపుడు అది ఎచ్చటికో పారిపోయినదని పిల్లలతో చెప్పకుడు. వారు దానికై వీధివీధి వెదకుదురు. నిజము చెప్పినచో ఏడ్చి, ఊరట పొందుదురు.

బాలబాలికలారా, మీ కుక్కకు స్నానము చేయించునపుడెల్ల దాని దేహమంతయు మెల్లగా తడిమి చూడుడు. చిన్న గడ్డను కనుగొనినను వెంటనే పెద్దలకు చెప్పుడు. పాలగ్రంథుల గడ్డ మూడు సెంటీమీటర్లు మించకమునుపే తీసివేసినచో కుదురు ఆశ హెచ్చు.