కీబోర్డులో ఇమిడిన కంప్యూటరు ఉమ్మడి బల్లకు తగునా?

విద్యార్థులారా! కార్యాలయములలో ఒకే బల్లవద్ద ఉదయము ఒకరు, మధ్యాహ్నము మరియొకరు కూర్చుండి పనిచేయుట నేడు సామాన్యమైనది. బల్ల ఒక్కటే, మనుష్యులు మారుచుందురు. అట్టి బల్లపై ఎట్టి కంప్యూటరు ఉండవలెననునది చిన్న ప్రశ్నవలె తోచును. కాని మీ మార్కుల పట్టికలు, బదిలీ పత్రములు, ఉద్యోగుల జీతముల లెక్కలు భద్రముగా నుండుట దానిపై ఆధారపడియున్నది. కీబోర్డులోనే కంప్యూటరంతయు ఇమిడియుండు యంత్రములు ఈ పనికి తగునో తగవో విచారింతము.

మొదట దాని స్వరూపమును తెలిసికొందము. బల్లమీది కంప్యూటరునకు సామాన్యముగా తెర, కీబోర్డు, లెక్కలు చేయు పెట్టె అని మూడు ముఖ్యాంగములుండును. ఆ పెట్టెలోని భాగములన్నింటిని మీటల క్రిందనే అమర్చినచో పెట్టెతో పని యుండదు. తెరకు, విద్యుత్తునకు తీగలు తగిలించి, మౌసును చేర్చినచో చాలును.

ఇది క్రొత్త భావము కాదు. 1977లో వెలువడిన ఆపిల్ 2, 1981 నాటి బి.బి.సి. మైక్రో, 1982 నాటి కొమొడోర్ 64 అను యంత్రములన్నియు ఇట్టివే. భారత ప్రభుత్వము 1984లో పాఠశాలలలో కంప్యూటరు పరిచయమునకై ప్రారంభించిన ‘క్లాస్’ పథకమున వాడినది బి.బి.సి. మైక్రోనే. తరువాత ఈ రూపము చాలవరకు మరుగునపడి, 2020 నవంబరులో రాస్ప్‌బెర్రీ పై 400 రాకతో మరల వెలుగులోనికి వచ్చినది. 4 గిగాబైట్ల మెమరీగల ఆ యంత్రపు విడుదలనాటి ధర 70 డాలర్లు. 2024 డిసెంబరులో 8 గిగాబైట్ల మెమరీతో పై 500 వచ్చినది. 2026 జనవరిలో హెచ్.పి. సంస్థ కార్యాలయముల కొరకే ఇట్టి కీబోర్డు కంప్యూటరును ప్రకటించినది.

ఇందలి లాభములు స్పష్టమైనవే. బల్లపై స్థలము మిగులును. విద్యుత్తు ఖర్చు స్వల్పము: పై 400కు 15 వాట్ల అడాప్టరు చాలును. అంతకంటె ముఖ్యమైన సౌకర్యము వేరొకటి కలదు. తెరను, తీగలను బల్లవద్దనే ఉంచి, ఎవరి కీబోర్డును వారు సంచిలో తెచ్చుకొనవచ్చును. అప్పుడు ఒకరి కాగితములు మరియొకరి కంట పడవు.

ఇక లోపములను చూడుడు. కంప్యూటరు అంగములలో ఎక్కువ దెబ్బలు తినునది కీబోర్డే. పదిచేతులు దానిపై పడును; దుమ్ము చేరును; తేనీరు ఒలుకును. విడి కీబోర్డు చెడినచో కొన్ని వందల రూపాయలతో మరియొకటి కొందుము; పెట్టెకు హాని యుండదు. కంప్యూటరు అందులోనే యున్నచో, కలమును బీరువాను ఒకటిగా అతికించినట్లగును. కలము విరిగిననాడు బీరువాయు మరమ్మతునకు పోవును. మీటలు మాత్రమే చెడినచో వేరొక కీబోర్డును తగిలించి పని గడుపవచ్చును గాని, అప్పుడు ఈ రూపమువలని లాభమే పోవును.

రెండవ లోపము విద్యుత్తునకు సంబంధించినది. లాప్‌టాపునకున్నట్లు పై 400లో బ్యాటరీ లేదు. కరెంటు పోయిన క్షణమున, భద్రపరుపని పని యంతయు పోవును. కావున యు.పి.ఎస్. తప్పదు; ఆ ఖర్చును ధరలో కలిపి లెక్కింపవలెను.

మనవంటి బహుభాషా ప్రాంతములవారికి మరియొక సందేహము కలుగును. ఒకే బల్లవద్ద ఒకరు తెలుగున, మరియొకరు కన్నడమున వ్రాయవలసినచో ఒక్క కీబోర్డు చాలునా? చాలును. భారతీయ లిపులకు ప్రమాణముగా ఏర్పరచిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, తెలుగున ‘క’ వచ్చు మీటయే కన్నడమునను కకారమునిచ్చును. భాషను మార్చునది సాఫ్ట్‌వేరే గాని మీటలు కావు. అందుచే భాష ఈ యంత్రములకు అడ్డు కాదు.

అట్లయిన నిర్ణయమేమి? ఉమ్మడి బల్లవద్ద ఉమ్మడిగా నుండదగినది వేరు, ఎవరికి వారికి ఉండదగినది వేరు. ఈ రెంటిని విడదీయగలిగినచో కీబోర్డు కంప్యూటరు తగినదే. అందుకు మూడు మార్గములు కలవు. ఒకటి, ఎవరి కీబోర్డు వారిదిగా నుండుట. రెండు, కీబోర్డు ఉమ్మడిదైనను పత్రములన్నియు సర్వరుననే యుండి, ప్రతివారును తమ సంకేతపదముతో ప్రవేశించుట. మూడు, పై 400 వంటివానిలో వ్యవస్థయు పత్రములును వెనుక దూర్చు చిన్న మెమరీ కార్డులోనే యుండును గనుక, ఎవరి కార్డును వారు పెట్టి తీసికొనుట. కార్డు పోగొట్టుకొనుట సులభము. దాని నకలు వేరొకచోట తప్పక ఉండవలెను.

ఈ ఏర్పాటు లేమియు లేక, అందరి పత్రములను అందరును మోదు ఒక్క కీబోర్డులో దాచుట మాత్రము అవివేకము. అట్టిచోట పాత పెట్టెయు విడి కీబోర్డునే మేలు.

మీకొక అభ్యాసము. మీ ఊరిలోని ఒక కార్యాలయమునకు పోయి, అనుమతి పొంది, ఒక బల్లను ఎందరు వాడుచున్నారో, కరెంటు దినమునకు ఎన్నిమారులు పోవుచున్నదో, పత్రములు ఎచట నిలువయున్నవో అడిగి వ్రాసికొనుడు. పిదప ఆ బల్లకు ఏ యంత్రము తగునో, ఏల తగునో పది వాక్యములలో వ్రాయుడు.