గదికి తగ్గ ఆంప్

కాకినాడ,
ఆదివారం.

చి॥ సింధుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గిటార్‌కి ఆంప్ కొనబోతున్నావనీ, 50 వాట్లదా 100 వాట్లదా తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెళ్ళిపందిళ్ళలో ఆర్కెస్ట్రాతో ఇరవయ్యేళ్ళు గిటార్ వాయించినవాణ్ణి ఇంట్లోనే ఉన్నాను కదే, ఒక్క మాట అడక్కూడదూ? సరేలే, అడక్కపోయినా చెబుతాను.

నా మొదటి ఆంప్ కొన్నప్పుడు నేనూ వాట్లే చూశాను. స్టేజీ మీద అదరగొట్టింది. ఇంట్లో మాత్రం వాల్యూమ్ నాబ్ ఒకటో గీత దాటిందంటే మీ అమ్మమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చేది. ఒకటో గీత దగ్గరేమో దానికి గొంతు పెగిలేది కాదు. చివరికి సాధన మూలపడింది. కచేరీ ఉన్న రోజే దాని మీద దుప్పటి తీసేవాణ్ణి. అందుకే చెబుతున్నాను, స్టేజీని ఊహించుకుని కొనకు. రోజూ రాత్రి నువ్వు వాయించుకునే ఆ గదిని తలుచుకుని కొను.

100 వాట్లది 50 వాట్లదాని కంటే రెట్టింపు మోగుతుందనుకుంటున్నావేమో. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. మీ అపార్ట్‌మెంట్లో 5 వాట్ల ట్యూబ్ ఆంప్ పూర్తిగా తిప్పినా పక్కింటివాళ్ళు తలుపు కొడతారు.

అసలు ఆంప్ అంటే చప్పుడు పెంచే పెట్టె కాదు. వీణకు కుండ ఎలాగో ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆంప్ అలాగ. మొదట్లో మాకది తెలీక మైకు సెట్టులోనే జాక్ గుచ్చేవాళ్ళం. పాట బాగానే వినపడేది, గిటార్ మాత్రం రేకు మీద మేకుతో గీసినట్టుండేది. గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక చాలామటుకు తగ్గిపోతుంది. మనం నునుపు అనుకునేది ఆ తగ్గడంలోంచి వస్తుంది. మైకు సెట్టు హారన్ ఆ గరుకునంతా దాచకుండా వినిపిస్తుంది.

ఇప్పటి మోడలింగ్ ఆంపుల్లో ఒక నాబ్ తిప్పితే ఒక్కో పాత ఆంప్ గొంతు వస్తుంది. ఆ గొంతులు ఎవరివో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. మెరిసే శుభ్రమైన నాదం ఫెండర్‌ది. డీలక్స్ రివర్బ్ 22 వాట్లదే, అయినా ఎన్ని రికార్డింగుల్లో పలికిందో. గంట మోగినట్టుండేది వాక్స్ ఏసీ30. లండన్లో జిమ్ మార్షల్ కొట్టువాళ్ళు 1962లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌నే చూసి జేటీఎం45 కట్టారు. విడిభాగాలు, స్పీకర్లు మారేసరికి అది వేరే గొంతై రాక్ సంగీతానికి గుర్తయింది. ట్యూబులుంటేనే గొప్ప అని షాపువాడంటే నమ్మకు. 1975లో వచ్చిన రోలాండ్ జాజ్ కోరస్ 120లో ఉన్నవి ట్రాన్సిస్టర్లే. శుభ్రమైన నాదానికి ఇవాళ్టికీ దాని పేరు చెబుతారు.

షాపుకి జనం లేని పూట వెళ్ళు. నీ గిటార్, నీ కేబులే పట్టుకెళ్ళు. వాళ్ళ ఖరీదైన గిటార్‌తో వింటే నచ్చేది ఆ గిటారే కావచ్చు. రివర్బ్ సున్నాకి దించి, బాస్, మిడిల్, ట్రెబుల్ మూడూ మధ్యలో పెట్టు. ముందు ఏమీ వాయించకుండా గుయ్‌మనడం ఎంతుందో విను. తర్వాత మీ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఎంత పెడతావో అంతే వాల్యూమ్ పెట్టి వాయించు. రెంటిని పోల్చేటప్పుడు రెండూ ఒకే మోతలో ఉండాలి, ఎందుకంటే కాస్త ఎక్కువ మోగేదే చెవికి బాగున్నట్టనిపిస్తుంది. గెయిన్ పెంచి, గిటార్ మీద వాల్యూమ్ సగానికి తగ్గించు. మంచి ఆంప్ అయితే బొంగురు తగ్గి స్వరం తేటపడుతుంది. నేలమీద పెట్టిన స్పీకర్‌ని నిలబడి వింటే పదును తెలీదు. స్టూల్ వేసుకుని దాని ఎదురుగా కూర్చో.

నా మటుకు నేనైతే నీకు హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న మోడలింగ్ ఆంప్ చెబుతాను. బాస్ కటానా 50 లాంటి వాటిలో పవర్‌ని అర వాటుకి దించే స్విచ్ కూడా ఉంటుంది.

అమెరికా నుంచి మీ అన్నయ్య ఆంప్ తెస్తానన్నాడట. వెనక 230 వోల్టులని రాసి ఉంటే తెమ్మను. 120 మాత్రమే ఉంటే ఆశ వదులుకో. అలా వచ్చినదాన్ని ఒకప్పుడు నేనే ఆత్రంగా మన గోడ ప్లగ్గులో గుచ్చాను. కాలిన వాసన గుప్పుమంది, ఆంప్ మూగబోయింది. ఇంకోటి. గుయ్‌మనడం తగ్గుతుందని ఎవరు చెప్పినా ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయకు. లోపల వైరేదైనా తగిలితే ఆ కరెంటు గిటార్ తీగల దాకా వస్తుంది. ఆ తీగల మీద ఉండేవి నీ వేళ్ళు.

కొన్నాక సంక్రాంతికి మోసుకురా. అమ్మమ్మకి ఇప్పుడు గరిటె పట్టుకుని పరిగెత్తే ఓపిక లేదు గానీ, వంటింట్లోంచి కేకెయ్యగలదు. రాత్రి భోజనాలయ్యాక హాల్లో వాయించు. ఆవిడ కేకెయ్యకపోతే మంచిదే కొన్నావని లెక్క.

ఇట్లు,
మావయ్య