మృగవని దర్శనం

నేపథ్యం : అడవి అనగానే నల్లమల వంటి మహారణ్యాలు మనకు స్ఫురిస్తాయి. నగరం అంచున నిలిచిన చిన్న అడవి విలువ మన దృష్టికి అంతగా రాదు. అడవికీ, జలాశయానికీ, నగరానికీ గల సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున చిలుకూరు గ్రామం ఉంది. అక్కడి బాలాజీ ఆలయంలో ప్రదక్షిణలు చేయడానికి నిత్యం ఎందరో భక్తులు వస్తుంటారు. వారిలో చాలామందికి ఆ చెంతనే ఒక జాతీయోద్యానం ఉన్నదన్న సంగతి తెలియదు. అదే మృగవని. దాని విస్తీర్ణం సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే.

వర్షాకాలం ముగుస్తున్న రోజులలో ఒకనాటి ఉదయం మా కళాశాల విద్యార్థులతో కలిసి మృగవనికి వెళ్ళాను. ద్వారం వద్ద ఉన్న పటాన్ని చూసి ఒక విద్యార్థి, "ఇంతేనా సార్ అడవి?" అని అడిగాడు. "ముందు చూడు, తరువాత మాట్లాడుకుందాం" అన్నాను.

లోపలికి సాగినకొద్దీ వాహనాల రొద సన్నగిల్లింది. టేకు, మోదుగ, రేల, వేప, వెదురు పొదలు దారికి ఇరువైపులా కనిపించాయి. ఇవి దక్కను పీఠభూమికి అలవాటైన వృక్షాలు. వేసవిలో వీటిలో చాలా వృక్షాలు ఆకులు రాల్చి, నీటిని పొదుపు చేసుకొంటాయి. నీటికుంట దాపున చుక్కల దుప్పుల మంద ఒకటి మేస్తున్నది. మా అలికిడి విని ఒక పెంటి దుప్పి ముంగాలితో నేలను తట్టింది. మరుక్షణంలో మంద అంతా తోకలెత్తి పొదల మాటున కలిసిపోయింది. ఈ వనంలో కణుజులు, అడవిపందులు, నెమళ్ళు కూడా నివసిస్తున్నాయి.

ఒక వేపచెట్టు క్రింద ఆగి, రాలిన ఆకులను ప్రక్కకు తొలగించి చూడమన్నాను. వాన వెలసి నాలుగు రోజులైనా అక్కడి మట్టి తడిగానే ఉంది. చెట్టు నీడలేని కాలిబాట మాత్రం ఎండి గట్టిపడింది. ఆకుల పొర వాననీటి వేగాన్ని అణచి, నేలలోనికి ఇంకింపజేస్తుంది. ఇంకిన నీరు మెల్లమెల్లగా వాగులకూ, చెరువులకూ చేరుతుంది. చెట్లులేని నేలపై పడిన వాన మట్టిని కోసుకొంటూ పోయి చెరువులను పూడ్చివేస్తుంది.

తిరుగు ప్రయాణంలో గండిపేట చెరువు వద్ద ఆగాము. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌నే ప్రజలు గండిపేట చెరువు అంటారు. నగరాన్ని వరద నుండి కాపాడడానికి కట్టిన ఈ జలాశయాలే తరువాత దాని దాహం తీర్చాయి. నేడు నగరానికి కృష్ణా, గోదావరి జలాలు దూరం నుండి వస్తున్నాయి. కాని ఆ నీటిని ఎత్తిపోయడానికి ఎంతో విద్యుత్తు కావాలి.

జాతీయోద్యానంలో పశువులను మేపడాన్ని సైతం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అయితే ఆ రక్షణ కంచె వరకే. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలనూ, భారీ నిర్మాణాలనూ నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో మరొక ఉత్తర్వు వచ్చింది. తమ భూములకు ధర లేకుండా పోయిందన్న గ్రామస్థుల వేదన కాదనలేనిది. చెరువుకు నీరు వచ్చే దారులు మూసుకుపోతాయన్న భయమూ నిరాధారమైనది కాదు. చుట్టూ భవనాలు లేస్తే చిన్న అడవి ద్వీపం వంటిదవుతుంది; అందులోని జంతువులకు మరొక చోటికి దారి ఉండదు.

గట్టుపై చాలాసేపు మౌనంగా నిలిచిన ఆ విద్యార్థి మళ్ళీ అదే మాట అన్నాడు, కాని ఈసారి స్వరం మారింది: "మనకు మిగిలింది ఇంతేనా సార్?"

అర్థాలు
దాపున = దగ్గర
పెంటి = ఆడ జంతువు
కణుజు = పెద్ద కొమ్ములుగల ఒక జాతి దుప్పి
ఆంక్ష = నిబంధన, కట్టడి

ప్రశ్నలు
1. ఆకుల పొర నేలకూ, చెరువుకూ చేసే మేలును వివరించండి.
2. గండిపేట చెరువు నిర్మాణానికి దారితీసిన పరిస్థితులేవి?
3. విద్యార్థి మొదట అడిగిన ప్రశ్నకూ, చివర అడిగిన ప్రశ్నకూ గల భేదాన్ని తెలపండి.