పాఠం 14: గీత కంటే పాత దారి (హైదరాబాద్ – విజయవాడ రోడ్డు)



ఈ పాఠంలో మనం ఒక రోడ్డు గురించి చదువుకుందాం. మీలో కొంతమంది ఈ రోడ్డు మీద వెళ్లే ఉంటారు. శంషాబాద్‌లో విమానం దిగి, కారెక్కి, నిద్రపోయి, లేచేసరికి అమ్మమ్మ వాళ్లిల్లు వచ్చేసి ఉంటుంది. కాబట్టి రోడ్డు చూసి ఉండరు! ఈసారి నిద్రపోకుండా చూడాలని ఈ పాఠం రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పుట్టిల్లు జగ్గయ్యపేట. అత్తగారిల్లు సూర్యాపేట. రెండూ ఈ రోడ్డు మీదే ఉన్నాయి, మధ్యలో గంట, గంటన్నర ప్రయాణం. 2020 మార్చిలో మా పెద్దమ్మాయి నాలుగేళ్లది. అమ్మమ్మ దగ్గర వారం రోజులు ఉంటానని జగ్గయ్యపేట వెళ్లింది. అంతలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. రోడ్డు మూసేశారు. వారం అనుకున్నది రెండు నెలలు దాటిపోయింది.

మేం ఈ దేశానికి వచ్చి రెండేళ్లు కావొస్తోంది. మొన్న మా అమ్మాయి పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని అడిగింది: "అమ్మా, అప్పుడు నేను వేరే దేశంలో ఉన్నానా? అందుకేనా రానివ్వలేదు?"

మంచి ప్రశ్న కదా! జవాబు ఈ పాఠంలోనే ఉంది. వెతుకుతూ చదవండి.

దారి ఎక్కడి నుంచి ఎక్కడికి?

ఈ రోడ్డు పేరు జాతీయ రహదారి 65. మహారాష్ట్రలోని పుణేలో మొదలై, షోలాపూర్ మీదుగా, కర్ణాటకలో కొంత దూరం నడిచి, జహీరాబాద్ దగ్గర తెలంగాణలోకి వస్తుంది. హైదరాబాద్, విజయవాడ దాటి బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మచిలీపట్నంలో ఆగిపోతుంది. మొత్తం సుమారు 840 కిలోమీటర్లు. నాలుగు రాష్ట్రాలు.

మనం చదివేది హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా, సుమారు 270 కిలోమీటర్లు. వరసగా వచ్చే ఊళ్లు ఇవి, పైకి చదవండి:

హయత్‌నగర్ – చౌటుప్పల్ – చిట్యాల – నార్కట్‌పల్లి – నకిరేకల్ – సూర్యాపేట – కోదాడ – గరికపాడు – జగ్గయ్యపేట – నందిగామ – కంచికచర్ల – ఇబ్రహీంపట్నం – విజయవాడ.

సూర్యాపేటలో బస్సులు ఆగుతాయి. అందరూ దిగి టీ తాగుతారు. దారిలో మూసీ, పాలేరు, మున్నేరు అనే మూడు ఏర్లు దాటుతాం. మూడూ వెళ్లి కృష్ణా నదిలో కలిసేవే.

నంబరులో ఉన్న లెక్క

ఈ రోడ్డు పాత నంబరు 9. మా నాన్నలాంటి పెద్దవాళ్లు ఇప్పటికీ "నైన్త్ హైవే" అనే అంటారు. 2010లో దేశంలోని జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చారు. అప్పుడు ఇది 65 అయింది.

కొత్త నంబర్లలో ఒక లెక్క ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే పెద్ద రోడ్లకు సరి సంఖ్య. తూర్పు పడమరలుగా వెళ్లేవాటికి బేసి సంఖ్య. 65 బేసి సంఖ్య, అంటే ఇది తూర్పు పడమరల రోడ్డు అన్నమాట. హైదరాబాద్‌లో దీన్ని 44 నంబరు రోడ్డు దాటుతుంది, అది శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోతుంది. విజయవాడలో కలిసేది 16, అది కోల్‌కతా నుంచి చెన్నైకి.

రోడ్డు ఎంత పాతది?

తారు రోడ్డు కొత్తదే. కానీ ఈ దారి చాలా పాతది.

నాలుగు వందల ఏళ్ల కిందట గోల్కొండను కుతుబ్‌షాహీ రాజులు ఏలేవారు. వాళ్ల పెద్ద ఓడరేవు మచిలీపట్నం. గోల్కొండ రాజ్యంలో దొరికే వజ్రాలన్నా, మచిలీపట్నం కలంకారీ బట్టలన్నా దేశదేశాల వాళ్లకు మోజు. 1611లో ఇంగ్లీషు వాళ్లు మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియర్ అనే వజ్రాల వ్యాపారి మచిలీపట్నం నుంచి గోల్కొండకు ప్రయాణం చేసి, ఆ వివరాలు తన పుస్తకంలో రాశాడు.

వాళ్లు నడిచింది అచ్చంగా ఇప్పటి రోడ్డు మీదే కాదు. కానీ కొనలు ఇవే: ఒక కొన రాజధాని, ఇంకో కొన సముద్రం. ఎడ్ల మీద సరుకు వేసుకుని రోజుల తరబడి నడిచేవారు. వానాకాలం ఏర్లు పొంగితే నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే ఆగేవారు.

గీత వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది

గోల్కొండ రాజుల కాలంలో ఈ దారి మధ్యలో సరిహద్దు లేదు. రెండు కొనలూ ఒకే రాజ్యం.

1766లో హైదరాబాద్ నిజాం, సముద్రం వైపు జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అప్పుడు గీత పడింది. కోదాడ నిజాం వైపు, జగ్గయ్యపేట ఇంగ్లీషు వాళ్ల వైపు. నిజాం రాజ్యంలో రూపాయి కూడా వేరే. దాన్ని హాలీ సిక్కా అనేవారు. అటు నుంచి ఇటు సరుకు తేవాలంటే నాకా దగ్గర సుంకం కట్టాలి.

ఇక్కడో తమాషా చూడండి. కంచికచర్ల దాటాక పరిటాల అనే ఊరు వస్తుంది. 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం రోడ్డు మీదికే కనిపిస్తుంది, గుర్తుపట్టడం తేలిక. ఆ ఊళ్లో వజ్రాల గనులుండేవి. అందుకే నిజాం ఆ ఊరిని వదులుకోలేదని చెబుతారు. చుట్టూ ఇంగ్లీషు వాళ్ల ఊళ్లు, మధ్యలో పరిటాల నిజాంది! 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా పరిటాలకు రాలేదు. అక్కడి జనం ఊరుకోలేదు, తమది స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న తెలుగు మాట్లాడే ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య మళ్లీ గీత వచ్చింది.

లెక్క వేద్దామా? గీత 190 ఏళ్లు ఉంది. దాదాపు 58 ఏళ్లు లేదు. ఇప్పుడు మళ్లీ ఉంది. రోడ్డు మీద జనం మాత్రం అన్ని కాలాల్లోనూ నడుస్తూనే ఉన్నారు.

గీత దగ్గర ఏం కనిపిస్తుంది?

పాస్‌పోర్టు అడిగేవాళ్లు ఉండరు. కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు, ఆ తర్వాత గరికపాడు. పాలేరు వంతెన అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం అనే బోర్డు చూసి తెలుసుకోవాల్సిందే. ఇంతకుముందు లారీలు పన్ను కాగితాలు చూపించడానికి బారులు తీరేవి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు తీసేశారు.

కార్ల నంబరు ప్లేట్లు చూడండి. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. టీఎస్ అన్నా, 2024 నుంచి వచ్చిన టీజీ అన్నా తెలంగాణ. ఉమ్మడి రాష్ట్రంలో కొన్న పాత బళ్లకు తెలంగాణలో కూడా ఏపీ అనే ఉంటుంది.

మరి భాష? సూర్యాపేటలో మా అత్తయ్య "మీ నాయన వచ్చిండు" అంటుంది. విజయవాడలో మా పిన్ని "మీ నాన్న వచ్చాడు" అంటుంది. రెండూ మంచి తెలుగే. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు కాదు. మా జగ్గయ్యపేటలో రెండూ వినిపిస్తాయి. మాట మెల్లగా, ఊరూరికీ కాస్త కాస్త మారుతుంది. గీత దగ్గర ఠక్కున మారదు.

రోడ్డు ఆగిన రోజులు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసేస్తే, ఇళ్లకు బయల్దేరిన వందలమంది గరికపాడు దగ్గర చిక్కుకుపోయారు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని గీత, ఆ రోజు గోడలా నిలబడింది. జబ్బు పాకకుండా ఆపాలని పెట్టిన కట్టడి అది. అయినా ఇంటికి వెళ్లలేనివాళ్లకు కష్టం కష్టమే.

జూన్‌లో మా నాన్న మోటార్‌సైకిల్ మీద మా అమ్మాయిని గరికపాడు దాకా తీసుకొచ్చాడు. మేం ఇటు నుంచి వెళ్లాం. పోలీసులకు చెప్పి, పిల్లను దాటించుకున్నాం. మా నాన్న అవతలే నిలబడి చెయ్యి ఊపాడు. దగ్గరికి రాలేదు. ఆ నాలుగడుగుల దూరం నాకు ఇప్పటికీ గుర్తుంది.

2024 సెప్టెంబరులో పెద్ద వానలు పడ్డాయి. నందిగామ దగ్గర మున్నేరు నీళ్లు రోడ్డెక్కాయి. గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్కన రోడ్డు కోసుకుపోయింది. మళ్లీ రాకపోకలు ఆగాయి. ఏటికి గీత తెలియదు కదా, రెండు వైపులా ఊళ్లు మునిగాయి. నీళ్లు తగ్గాక రోడ్డు బాగుచేశారు, బళ్లు మళ్లీ నడిచాయి.

మా అమ్మాయికి ఏం చెప్పానంటే

"లేదమ్మా, నువ్వు వేరే దేశంలో లేవు. వేరే రాష్ట్రంలో ఉన్నావు. గీత మనుషులు గీసుకున్నది. ఒక్కోసారి అది అవసరం, ఒక్కోసారి దాని వల్ల ఏడుపు వస్తుంది. కానీ దారి అంతకంటే పాతది. తాతయ్య ఆ దారినే నిన్ను తెచ్చాడు."

ఇప్పుడు తాతయ్యకూ తనకూ మధ్య సముద్రాలున్నాయి. ప్రతి ఆదివారం ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంది. అదీ ఒక దారే. నడుస్తూ ఉంటేనే అది ఉంటుంది.

కొత్త మాటలు

రహదారి – పెద్ద రోడ్డు
సరిహద్దు – రెండు ప్రాంతాలు కలిసే చోట ఉండే గీత
కొన – చివర
సుంకం – సరుకు మీద కట్టే పన్ను
నాకా – బళ్లు ఆపి సరుకు చూసే చోటు
మోజు – బాగా ఇష్టం
రాకపోకలు – రావడం, పోవడం
ఉమ్మడి – కలిసి ఉన్న

ప్రశ్నలు (పూర్తి వాక్యాల్లో రాయండి)

1. 65 నంబరు రోడ్డు ఏ ఊళ్లో మొదలై ఏ ఊళ్లో ఆగుతుంది?
2. రోడ్డు నంబరు 48 అయితే అది ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్తుంది? ఎలా చెప్పగలిగారు?
3. 1766, 1956, 2014 – ఈ మూడు సంవత్సరాల్లో గీతకు ఏమైంది?
4. పరిటాల ఎందుకు వింత ఊరు?
5. తాతయ్య దగ్గరికి రాకుండా అవతలే ఎందుకు నిలబడ్డాడు? మీ మాటల్లో రాయండి.

ఇంట్లో చేయండి

మీ తాతయ్యకో, అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ చేయండి. "మన ఊరికి ఏ రోడ్డు మీద రావాలి? మీ చిన్నప్పుడు ఆ రోడ్డు ఎట్లా ఉండేది?" అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెప్పిన ఊళ్ల పేర్లు వరసగా రాసి, ఒక కాగితం మీద దారి గీయండి. ఏర్లు నీలం రంగుతో, సరిహద్దు ఉంటే చుక్కల గీతతో చూపించండి. వచ్చే క్లాసులో ఆ బొమ్మ చూపిస్తూ మీ దారి కథ మాకు చెప్పాలి.