హరిశబ్దము – అర్థనిర్ణయము

మాట కొక్కటే అర్థముండినచో భాషాభ్యాసము సులభమయ్యెడిది. కాని కావ్యమునకు చోటుండెడిది కాదు. నిత్యము మనము స్మరించు 'హరి' శబ్దమునే చూడుడు. విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప మున్నగు అర్థములు దానికి నిఘంటువులలో కలవు. అయినను 'హరీ' యని మొఱపెట్టు భక్తునకు కోతి స్ఫురింపదు. ఏల?

భర్తృహరి వాక్యపదీయమున దీనికి సమాధానము కలదు. ఒక వస్తువుతోడి కలయిక, దాని ఎడబాటు, సాహచర్యము, ప్రకరణము మొదలగునవి నానార్థపదమునకు అర్థమును నిర్ణయించును. మమ్మటుడు కావ్యప్రకాశమున ఇందులకు హరిశబ్దమునే ఉదాహరించెను. శంఖచక్రములు గల హరి యన్న విష్ణువే. శంఖచక్రములు లేని హరి యన్నను విష్ణువే! ఉండదగిన వానికే లేమిని చెప్పుట పొసగును గదా. కోతికి శంఖము లేదని ఎవరును చెప్పరు.

శిల్పమునందును ఇట్టి విచారణ కలదు. తిరుమల మూలమూర్తి ధరించు శంఖచక్రములు శిలతో మలచినవి కావు, వేఱుగా అమర్చినవి. స్వామి తన ఆయుధములను తొండమాన్ చక్రవర్తి కొసగెనని స్థలపురాణము. ఆ మూర్తి ఎవరిదను వివాదము పుట్టగా భగవద్రామానుజులు విష్ణుమూర్తియే యని నిరూపించిరని వేంకటాచల ఇతిహాసమాల తెలుపుచున్నది. ఇచట ఎడబాటే ఆనవాలైనది. పేయాళ్వారో జటను కిరీటమును, పరశువును చక్రమును ఆ స్వామియందే కలసియుండగా దర్శించిరి. వారికది సందేహము కాదు, సమృద్ధి.

ఈ భేదమును ఆలంకారికులు చక్కగా గుర్తించిరి. ఏ యర్థమును నిలువక చదువరిని తికమకపెట్టు సందిగ్ధము దోషము. రెండర్థములును నిండుగా పండు శ్లేష అలంకారము. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయమున రామకథను భారతకథను ఒకే పద్యములలో నడిపించినది శ్లేషబలము చేతనే.

ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో-పొంతీ 1945లో ప్రకటించిన గ్రంథమున ఇంద్రియానుభవమును విచారించుచు, మనము దేనినైనను ఒక చోటినుండి, ఒక వైపే చూతుమనియు, అనుభవమునందలి అనేకార్థత లోపము కాదు, దాని స్వభావమే యనియు వివరించెను. గర్భాలయమున కెదురుగా క్షణకాలము నిలిచి వచ్చిన యాత్రికునకు ఇది వేఱుగ చెప్ప నక్కఱలేదు.

కావున అర్థములు పెక్కులున్నవని ఏదైనను సరియే యనరాదు. ఒకటి నిశ్చయమైనదని తక్కినవి వ్యర్థములనియు అనరాదు. పాశురమునైనను పద్యమునైనను చదువునపుడు ముందు ప్రకరణము నెఱుగుడు. పెద్దల వ్యాఖ్యానమును వినుడు. ఆపై మరల చదువుడు. నిన్న వినబడని అర్థము నేడు వినబడును.